నలుగురిలో అన్న మాట

పోయిన వారం పద్మావతిని డిపార్ట్‌మెంటు స్టోర్ రూములో, ఇనప బీరువా ముందు, చేతిలో ఒక పాత కాగితంతో వదిలేసి వచ్చాం. ఆమె ఇంకా అక్కడే నిలబడి ఉందనుకుంటే పొరపాటు. అరవైకి దగ్గరపడ్డ మోకాళ్లు అంతసేపు నిలబడనివ్వవు. కాగితం తిప్పి చదివింది, మళ్లీ చదివింది, కుర్చీ వెతుక్కుని కూర్చుంది.

ఈ వారమే కథలోకి వచ్చినవాళ్ల కోసం నాలుగు ముక్కలు. ముప్పై ఏళ్ల కిందట, పద్మావతి ఇంకా రీసెర్చ్ స్కాలర్‌గా ఉన్న రోజుల్లో, లాలాగూడ రైల్వే క్వార్టర్స్ వెనక బస్తీలో వంద ఇళ్లను సర్వే చేసింది. ఇరవై నాలుగు ప్రశ్నలు. అందులో పదిహేడోది ఆమెకు డాక్టరేటు ఇప్పించింది, ఉద్యోగం ఇప్పించింది, పేరు తెచ్చింది. "పక్కింట్లో చావు జరిగితే, ఆ పూట మీ ఇంటి నుంచి వంట పంపుతారా?" ఇదీ ప్రశ్న. ఆనాడు వందలో తొంభై రెండు ఇళ్లు పంపుతామన్నాయి. ఆమె దగ్గర పీహెచ్‌డీ చేస్తున్న ప్రవళిక అవే కుటుంబాలను, ఎక్కడెక్కడికి చెదిరిపోయినా వెతికి పట్టుకుని, మళ్లీ అదే ప్రశ్న అడిగింది. ఈసారి పంపుతామన్నవి ముప్పై ఒకటి.

తొంభై రెండు నుంచి ముప్పై ఒకటికి. రెండేళ్లుగా పద్మావతి ఏ వేదిక ఎక్కినా ఈ రెండు అంకెలే. నగరం మనిషి స్వభావాన్నే మార్చేసిందని, తలుపులు మూసుకున్న కొద్దీ మనసులూ మూసుకుపోయాయని ఆమె చెబుతుంటే జనం తలలూపేవారు. అలా తలలూపినవాళ్లలో పక్కింటివాళ్ల పేరు తెలిసినవాళ్లు ఎందరో నాకు తెలియదు. ఆమె పుస్తకం అచ్చుకు సిద్ధంగా ఉంది. ప్రవళిక థీసిస్ మీద చివరి సెమినార్ గురువారం. ఈ పరిస్థితిలో ప్రవళిక పాత ఫారాలను స్కాన్ చేస్తూ చేస్తూ, ఎందుకు బుద్ధి పుట్టిందో, ఒకదాన్ని తిప్పి చూసింది.

వెనకవైపు పెన్సిలుతో ఒక లైను ఉంది. "పక్కన కూసున్నోళ్లు: ఐదుగురు." ఇంకోటి తిప్పితే నలుగురు. ఇంకోటి ఏడుగురు. మొత్తం వందా తిప్పి చూసింది. పంపుతామన్న తొంభై రెండు ఇళ్ల ఫారాల వెనకా ఎవరో ఒకరు కూర్చున్నట్టు ఉంది. పంపబోమన్న ఎనిమిది ఇళ్ల ఫారాల వెనక మాత్రం "ఎవ్వరు లేరు" అని ఉంది.

*

మంగళవారం మధ్యాహ్నం మూడు దాటాక ఇద్దరూ క్యాంపస్ గేటు బయట ఆటో ఎక్కారు. ప్రవళిక ఒళ్లో గుడ్డసంచి, అందులో పురికొసతో కట్టిన వంద ఫారాలు. ఆ పెన్సిలు రాత ఉప్పలయ్యదని పద్మావతి చూడగానే గుర్తుపట్టింది. ఆయన ఆ బస్తీ మనిషే. అప్పట్లో ఇంటింటికీ తిరిగి ప్రశ్నలడిగి రాసుకొచ్చింది ఆయనే. తర్వాత డిపార్ట్‌మెంటులోనే అటెండరుగా చేసి రిటైరయ్యాడు. ఆ లైన్లకు అర్థమేమీ లేదని, ఊరికే అలవాటుగా రాసుకున్నానని ఆయన చెబుతాడన్న ఆశతో వీళ్లు బయల్దేరారు. ఆశ అని నేనే అంటున్నాను. వాళ్లయితే "క్లారిఫికేషన్" అనుకున్నారు.

"తిన్నరా మేడం?" అని అడిగింది ప్రవళిక.

"తిన్నాను. ఏం తిన్నావని మాత్రం అడక్కు."

ఈ మధ్య పద్మావతికి అన్నీ అలాగే ఉన్నాయి. పాఠం చెబుతుంది, ఏం చెప్పిందో గుర్తుండదు. సంతకాలు పెడుతుంది, దేనిమీదో తెలియదు. నిద్రపోతే తీరే అలసట కాదది. తొమ్మిది నెలల్లో రిటైర్మెంటు. ఆ పుస్తకం ఒక్కటీ బయటికొస్తే ఇక ఏమీ చేయకుండా కూర్చోవచ్చునని ఆమె ఆశ. పెద్ద ఆశేమీ కాదు, కానీ ఆమెకు అదొక్కటే మిగిలింది.

ప్రవళిక అలసట వేరు. జనగామ దగ్గరి ఊరి నుంచి వచ్చి ఆరేళ్లయింది. హాస్టల్ గది పోయిన జూన్‌లోనే ఖాళీ చేయాలి, వార్డెన్ కంట పడకుండా ఇంకా అందులోనే ఉంటోంది. వాళ్ల జిల్లాలో ఒక డిగ్రీ కాలేజీవాళ్లు లెక్చరర్ ఉద్యోగం ఇస్తామన్నారు, పీహెచ్‌డీ చేతికొస్తేనే. ఆరేళ్లలో ఆమె రెండుసార్లు జ్వరంతో పడింది, ఒకసారి పెళ్లి సంబంధం వదులుకుంది. ఈ పిల్లకు అన్యాయం జరగకూడదని పద్మావతి గట్టిగా అనుకుంది. అనుకున్న మరుక్షణమే, ఆ అనుకోవడంలో తన పుస్తకం కూడా ఉందని గుర్తొచ్చి సిగ్గేసింది.

ఆటో తార్నాక చౌరస్తా దగ్గర ఆగింది. మెట్రో స్తంభాల వెనక ఎక్కడో ఆమె ఫ్లాటు. అందులో ఇరవై రెండేళ్లుగా ఉంటోంది. ఎదురుగా ఉన్నవాళ్లను ఇప్పటికీ మనసులో నాలుగు వందల రెండు అనే అనుకుంటుంది. వాళ్ల పేరు ఒకసారి కొరియర్ కవరు మీద చూసింది, మళ్లీ మర్చిపోయింది.

"ఆ లైన్లు నిజమే అని ఆయనంటే ఏం చేద్దాం మేడం?" అంది ప్రవళిక, రోడ్డు వైపే చూస్తూ.

సిగ్నల్ పడింది. ఆటో కదిలింది. పద్మావతి డ్రైవరుకు లాలాగూడ దారి చెప్పింది.

*

గల్లీ మొదట్లో ఇద్దరు కుర్రాళ్లు షామియానా గుంజలు విప్పుతున్నారు. ట్రాలీ ఆటోలోకి ఎర్ర ప్లాస్టిక్ కుర్చీలు ఎక్కిస్తున్నారు. ఏ ఫంక్షనో అయిపోయిందనుకుని పద్మావతి చీర కుచ్చిళ్లు ఎత్తిపట్టుకుని వాళ్లను దాటుకుని నడిచింది.

ఉప్పలయ్య ఇంటి తలుపు బార్లా తెరిచి ఉంది. డెబ్బై ఆరేళ్ల మనిషి ప్లాస్టిక్ వైరు మంచం మీద కూర్చుని, కళ్లాపరేషన్ తర్వాత ఇచ్చిన నల్లద్దాలు పెట్టుకుని రేడియో వింటున్నాడు. పద్మావతి గొంతు వినగానే రేడియో కట్టేసి లేవబోయాడు.

"కూర్చోండి ఉప్పలయ్యగారూ."

"ఎన్నేండ్లకు వచ్చిన్రమ్మా. రజినీ, మా మేడం వచ్చిన్రు. మంచినీళ్లియ్యి, చాయ్ పెట్టు."

కోడలు రజిని నీళ్లు తెచ్చింది. ఆమె వెనకే పక్కింటి బాలలక్ష్మి, చిక్కుడుకాయల పళ్లెం పట్టుకుని, పిలవకుండానే వచ్చి గడప దగ్గర చతికిలబడింది. ఇంకో నిమిషానికి మరో ఇద్దరు ఆడవాళ్లు, బనీను మీద తువ్వాలు కప్పుకున్న ఒక పెద్దమనిషీ వచ్చారు. యూనివర్సిటీ మేడం ఎందుకు వచ్చిందో తెలుసుకోవాలన్న కుతూహలం అందరి ముఖాల్లోనూ ఉంది. దాచుకోవాలని వాళ్లకేమీ లేదు.

ప్రవళిక ఇబ్బందిగా కదిలింది. "తాతా, కొంచెం పర్సనల్‌గ మాట్లాడాలె."

"పర్సనలేంది బిడ్డా? వీళ్లంత మనోళ్లే. అడుగు."

పద్మావతికి నవ్వొచ్చింది, ఆ వెంటనే నవ్వు పోయింది. ప్రవళిక సర్వేకి యూనివర్సిటీ ఎథిక్స్ కమిటీ ఒక నియమం పెట్టింది. జవాబు చెప్పే మనిషి దగ్గర మూడో మనిషి ఉండకూడదు. ప్రవళిక ఆ నియమాన్ని తు.చ. తప్పకుండా పాటించింది. ఫ్లాట్లలో బెడ్రూముల్లో కూర్చుని, తలుపు దగ్గరగా వేసి, టాబ్లెట్ చేతికిచ్చి, వాళ్లు నొక్కేది తను కూడా చూడకుండా ముఖం పక్కకు తిప్పుకుని. ఇంత మర్యాదగా అడిగినందుకే ముప్పై ఒకటి వచ్చిందేమోనన్న అనుమానం పద్మావతికి మొదటిసారి ఇక్కడ, ఈ నలుగురి మధ్య కలిగింది.

ప్రవళిక ఫారాల కట్ట విప్పి ఒకటి తిప్పి ఆయన ముందు పెట్టింది. ఉప్పలయ్య అద్దాలు పైకి నెట్టి, కాగితం ముక్కు దగ్గరికి తెచ్చుకుని చూశాడు.

"నా రాతే. ఇంట్ల ఎందరు కూసున్నరో రాసిన."

"ఎందుకు రాశారు?"

"ఎందుకంటె ఏం చెప్తనమ్మా. నేను ఒక్కరింట్లకు పోంగనే పక్కింటోళ్లు, ఎదురింటోళ్లు వచ్చి కూసుంటుండ్రి. ఎల్లిపోండ్రి అంటె బాగుంటదా? వాళ్ల ముంగట్నే అడుగుతుంటి. ఇగ పక్కింటామె ముంగట కూసొని చూస్తుంటే, నీ ఇంట్ల చావైతే నేను వంట పంపనని ఎవరన్న అంటరా?"

బాలలక్ష్మి చిక్కుడు ఈనె లాగుతూ నవ్వింది. "ఎట్లంటరు? తెల్లారి నల్లా కాడ మొఖం ఎట్ల చూపిస్తరు?"

అందరూ నవ్వారు. ప్రవళిక నవ్వలేదు. "మరి ఈ ఎనిమిది ఇండ్లు?"

"వాళ్లు ఒంటిగ దొరికిన్రు. ఒకామె బాలింత, ఒకాయన నైట్ డ్యూటీ చేసొచ్చి తలుపేసుకొని పండుకున్నడు. గట్ల. ఒంటిగ అడిగితే ఉన్నదున్నట్టు చెప్పిన్రు."

ముప్పై ఏళ్ల పని ఒక చిక్కుడు ఈనె లాగినంత తేలికగా ఊడొచ్చింది. పద్మావతి గ్లాసులో మిగిలిన నీళ్లు తాగింది. కోపం రావాలి కాబట్టి తెచ్చుకుంది.

"ఇంత పెద్ద సంగతి నాకు చెప్పాలి కదా ఉప్పలయ్యగారూ."

ముసలాయన చెప్పాలా వద్దా అన్నట్టు కోడలి వైపు చూశాడు.

"చెప్పిన అమ్మా. ఒకసారి గాదు. మీ టేబుల్ కాడ నిలబడి చెప్పిన. వెనక రాయకు ఉప్పలయ్యా, కంప్యూటర్ల ఎక్కదు అన్నరు. నేను రాసుడు మానలే. మీరు చూసుడు మానిన్రు."

ఆయన గొంతులో నిష్ఠూరం లేదు. ఉంటే బాగుండేది, పద్మావతి దానికి ఏదో ఒకటి బదులు చెప్పేది. ఆమెకు ఆ కంప్యూటర్ గది గుర్తొచ్చింది. బయట చెప్పులు విప్పి లోపలికి వెళ్లేవారు, ఏసీ చల్లగా ఉండేది. అవును, కాదు అనే రెండు గడులు మాత్రమే ఉండేవి. మూడో గడి పెట్టించాలంటే మళ్లీ గైడ్ దగ్గరికి వెళ్లి, మళ్లీ ఫారం కొట్టించి, మళ్లీ నెల్లాళ్లు ఆగాలి. ఇరవై తొమ్మిదేళ్ల వయసులో నెల్లాళ్లు చాలా ఎక్కువ.

ప్రవళిక నెమ్మదిగా అంది. "అంటే మనిషి మారలే మేడం. అప్పుడు ఒంటిగ అడిగితే ఎనిమిదికి ఎనిమిది మంది నో అన్నరు. ఇప్పుడు ఒంటిగ అడిగితే వందల ముప్పై ఒక్కరు ఎస్ అన్నరు. ఎట్ల చూసినా మనం చెప్పేది తప్పే."

"అబద్ధం చెప్పిన్రనుకోకుండ్రి," అన్నాడు ఉప్పలయ్య. "నలుగుర్ల అన్నంక చెయ్యక తప్పకపోతుండె. ఆ ఎండాకాలమే మా గల్లీల రాములు తండ్రి పోతే ఆరు ఇండ్లకెళ్లి గిన్నెలు వచ్చినయి. ఇష్టం ఉండి పంపిన్రో, మాటన్నమని పంపిన్రో నాకెరుక లేదు. అన్నమైతే వచ్చింది, పిల్లలు తిన్నరు."

ఇందులో ఏది స్వభావం? పద్మావతి దాని గురించి పుస్తకం రాసింది, మూడు వందల పేజీలు. తలుపేసుకుని ఒంటరిగా అన్నదా, నలుగురి ముందు అని తర్వాత చేసిందా?  

చాయ్ వచ్చింది. ప్రవళిక గ్లాసు పట్టుకుని వాకిట్లోకి నడిచింది, కళ్లతో పద్మావతిని పిలిచింది. బయటికొచ్చాక గొంతు తగ్గించింది.

"మేడం, స్కాన్ చేసింది ముందువైపే. వెనక చేయలే. సిస్టమ్‌ల వెనకపేజీలు లెవ్వు."

పద్మావతి ఆ పిల్ల ముఖంలోకి చూసింది. కళ్ల కింద నల్లటి చారలు. ఇదివరకు ఒకసారి ఒక అంకె సరిపోలేదని రాత్రికి రాత్రే నలభై పేజీలు మళ్లీ రాసిన పిల్ల. ఈ మాట అనడానికి ఎంత అలసిపోయి ఉండాలి? ఆరేళ్లలో తను ఈ పిల్లకు నేర్పింది ఇదా అనుకుంది పద్మావతి. అయినా నోట్లోంచి వచ్చిన మాట వేరు.

"ముందు గురువారం కానివ్వు. తర్వాత చూద్దాం."

ప్రవళిక తలూపింది. ఇద్దరూ ఒకరి ముఖం ఒకరు చూసుకోకుండా లోపలికొచ్చారు. తేలిగ్గానే అనిపించింది పద్మావతికి. తప్పు చేయాలని నిర్ణయించుకున్నప్పుడు కూడా ఒక రకం విశ్రాంతి ఉంటుంది. చాయ్ తాగేసి వెళ్లిపోవడమే తరువాయి.

కానీ ఉప్పలయ్య అప్పటికే రజిని చేత ట్రంకు పెట్టెలోంచి ఒక ప్లాస్టిక్ కవరు తీయించాడు. పాత రేషన్ కార్డు, చనిపోయిన భార్య ఆసుపత్రి చీటీలు పక్కకు పెట్టి, అడుగు నుంచి నాలుగు మడతల కాగితం ఒకటి బయటికి లాగాడు.

"వచ్చిన్రు గాబట్టి ఇది గూడ తీస్కపోండ్రి. నా కాడ ఉండుడు మంచిగ లేదు. అరవై నాలుగు."

ప్రవళిక ఉలిక్కిపడింది. అరవై నాలుగో నంబరు ఫారం కట్టలో లేదు. దాని బదులు నూట ఒకటి ఉంది. ఆ సంగతి పద్మావతి థీసిస్‌లో ఒక పేజీ అడుగున చిన్న అక్షరాల్లో ఉంది. 'అరవై నాలుగో ఇల్లు తాళం వేసి ఉన్నందున నూట ఒకటో ఇల్లు తీసుకోవడమైనది.' ప్రవళిక ఆ వాక్యాన్ని తన థీసిస్‌లోనూ యథాతథంగా ఎక్కించింది.

"తాళం వేసుండె కద తాతా?"

"తాళమేంది? ఆ ఇంటికి తాళం గప్పే లేకుండె."

పద్మావతి కాగితం అందుకుంది. మడతల దగ్గర చిరిగిపోతోంది. పేరు: అమృతమ్మ. భర్త: ఇంజన్ షెడ్డులో బూడిద ఎత్తే పని. క్రైస్తవులు. పదిహేడో ప్రశ్న దగ్గర, అవును. వెనక్కి తిప్పింది. "పక్కన కూసున్నోళ్లు: ఎవ్వరు లేరు."

అంటే ఎవరూ వినకుండా, ఎవరి కోసమూ కాకుండా, అవునన్న ఒకే ఒక్క మనిషి.

"ఈమె దగ్గర ఎందుకు ఎవరూ కూర్చోలేదు?" అని అడిగింది ప్రవళిక.

ఉప్పలయ్య అద్దాలు తీసి తువ్వాలుతో తుడుచుకున్నాడు. "ఆమె ఇంట్ల ఎవరు కూసుంటరు బిడ్డా, ఆ దినాలల్ల? వాళ్లింట్ల నీళ్లు గూడ తాగకపోదురు. నలుగురు నలుగురు అంటున్నం గద. ఆ నలుగుర్ల ఆమె లేకుండె."

కింద ఇంకో నాలుగు లైన్లున్నాయి, వేరే పెన్సిలుతో. రెండో విడత తనిఖీకి తిరిగినప్పుడు రాసినవి. "ఆగస్టు తొమ్మిది. వీళ్లింట్ల చావు అయ్యింది. ఆమె పెనిమిటి. మూడు పూటలు చూసిన. ఎవ్వరింటికెళ్లి గిన్నె రాలే."

ఆ పెన్సిలు రాత మీదుగా, ఏటవాలుగా, ఎర్రసిరాతో ఇంకొకరి చేతిరాత. అందమైన గుండ్రటి అక్షరాలు. పద్మావతికి ఆ అక్షరాలు బాగా తెలుసు. ఈ ఉదయం కూడా హాజరు పట్టీ మీద అవే రాసింది.

ముప్పై ఏళ్లుగా ఆ ఇల్లు తాళం వేసి ఉందని ఆమె నిజంగానే నమ్మింది. ఎవరైనా దేవుడి పటం ముందు నిలబెట్టి అడిగినా అదే చెప్పేది. ఇప్పుడు ఆ ఎర్ర పెన్ను, ఆ టేబుల్, ఎదురుగా నిలబడ్డ ఉప్పలయ్య, ఆ రోజు వేసిన విసుగు, అన్నీ ఒక్కొక్కటే లేచొచ్చాయి. పంపుతామన్న ఇళ్లేవీ అమృతమ్మకు పంపలేదని ఒప్పుకుంటే థీసిస్ మొత్తం పోతుంది. ఒక్క ఇల్లు తీసేస్తే ఏమీ పోదు. అలా అనుకున్నది తనే.

"ఏం రాసున్నది మేడం దాంట్ల?" అంది రజిని మామూలుగా.

గదిలో అందరూ ఆమెనే చూస్తున్నారు. బాలలక్ష్మి చేతిలో చిక్కుడుకాయ ఆగింది. ప్రవళిక పక్కనుంచి వంగి ఆ ఎర్రసిరా చదివేసింది, చదివి సంచి వైపు తిరిగిపోయింది. ఉప్పలయ్యకు ఎటూ తెలుసు. మిగతావాళ్లకు తెలియదు. కాగితం మడిచి, ఏదో పాత లెక్కమ్మా అంటే నమ్ముతారు. చదివితే ఇక గురువారం లేదు, పుస్తకం లేదు, ఆ పిల్ల ఉద్యోగం ఏమవుతుందో తెలియదు. నలుగురిలో అన్న తర్వాత చేయక తప్పదని ఇప్పుడే విన్నది.

ధైర్యం వచ్చి చదివిందని చెబితే నేను అబద్ధమాడినవాణ్ణవుతాను. ఇంకో ముప్పై ఏళ్లు ఇది మోయడానికి ఆమెలో సత్తువ లేదు, అంతే.

"'ఈ ఇల్లు వద్దు. తాళం వేసి ఉందని రాయండి. నూట ఒకటి తీసుకోండి,'" అని పైకి చదివింది. "కింద సంతకం నాదే."

 ఉప్పలయ్యే ముందు నోరు విప్పాడు.

"మీ ఒక్కరిదేంది అమ్మా. నేను మూడు పూటలు చూసిన, రాసిన. నా ఇంటికెళ్లి గూడ పంపలే. రాస్తె సరిపోయిందనుకున్న."

"అమృతమ్మ ఇల్లే గదా అది," అంది బాలలక్ష్మి, ఎవరితోనూ కానట్టు. "నిన్ననే గద ఆమె పెద్దకొడుకు పోయిండు, మట్టి చేసిన్రు."

పద్మావతికి గల్లీ మొదట్లో విప్పుతున్న షామియానా, ఎర్ర కుర్చీలు గుర్తొచ్చాయి. చీర ఎత్తిపట్టుకుని దాటుకుని వచ్చింది.

"ఆమె ఇంకా ఇక్కడే ఉందా?"

"ఏడికి పోతది? గల్లీ మొదట్ల ఆ మూల మీద ఇల్లు."

"నిన్నటి నుంచి ఎవరైనా వంట పంపారా?"

ఇరవై నాలుగు ప్రశ్నల్లో ఆమె ఇంత చిన్న గొంతుతో అడిగినది ఒక్కటీ లేదు. తువ్వాలు కప్పుకున్న పెద్దమనిషి నేల చూశాడు. ఆడవాళ్లలో ఒకామె గాజులు సర్దుకుంది. "క్యాటరింగోళ్లకు చెప్పిన్రేమో అనుకున్న," అంది బాలలక్ష్మి. "ఇప్పుడు ఎవరేమనుకోరు. గా పట్టింపులు ఇప్పుడు లెవ్వు. పోవాలనే అనుకున్న. పని పడ్డది."  చిక్కుడుకాయల పళ్లెం పక్కకు జరిపింది.

రజిని లేచి వంటింట్లోకి వెళ్లింది. స్టవ్ వెలిగించిన చప్పుడు వినిపించింది.

"మామా, వాళ్లింట్ల ఎంతమంది ఉంటరు? బియ్యం ఎన్ని పొయ్యాలె?"

*

అన్నం ఉడికి, పప్పుచారు కాగేసరికి ఎండ వాలింది. బాలలక్ష్మి తన చిక్కుడుకాయ కూర వండి తెచ్చింది. అన్నీ ఒక స్టీలు క్యారియర్లో సర్దాక, ఎవరు తీసుకెళ్లాలన్న ప్రశ్న వచ్చింది. అడిగినవాళ్లు ఎవరూ లేరు, అందరూ పద్మావతి వైపు చూశారంతే. ఆమె లేచి క్యారియర్ అందుకుంది.

ప్రవళిక గల్లీలో పక్కన నడిచింది. సంచి భుజానికి తగిలించుకుంది, అరవై నాలుగో ఫారం కూడా అందులోనే ఉంది. నాలుగడుగులు వేశాక అడిగింది.

"గురువారం ఏం చెప్దాం మేడం?"

"ఇది ఇచ్చొచ్చాక చెప్తాను."

"నాకు కోపమొస్తున్నది మేడం. మీ మీద."

"రావాలి."

పదకొండు గుమ్మాలు దాటారు. మూలమీది ఇంటి ముందు రెండు కుర్చీలు ఇంకా మిగిలిపోయి ఉన్నాయి. వాటిలో ఒకదాని మీద తెల్లచీర కట్టుకున్న ముసలామె, ఒళ్లో చేతులు పెట్టుకుని కూర్చుని ఉంది. కళ్లు పొడిగా ఉన్నాయి. పద్మావతి దగ్గరికి వెళ్లి నిలబడింది. చెప్పాల్సింది దారంతా కూడబలుక్కుంది. ఒక్క ముక్క గుర్తు రాలేదు.

"అమ్మా, నేను పద్మావతిని. యూనివర్సిటీ నుంచి."

అమృతమ్మ తలెత్తి తీరిగ్గా చూసింది. ముందు ముఖాన్ని, తర్వాత క్యారియర్‌ని.

"నా ఇంటికి తాళమేసిన సర్వే అమ్మవు నువ్వేనా? ఉప్పలయ్య చెప్పిండు. శాన ఏండ్లాయె."

"నేనేనమ్మా."

"అప్పుడు నన్నొక మాట అడిగి రాసుకపోయిన్రు. పంపుత అన్న. మీరడుగకున్నా పంపుతుంటి. ఎవరు తినకపోదురు, అది వేరే ముచ్చట." ముసలామె కొంచెం ముందుకు వంగింది. "ఇప్పుడు నేనొకటి అడుగుత. ఇది నువ్వు తేవాలని తెచ్చినవా బిడ్డా? వాళ్లంత చూస్తున్నరని తెచ్చినవా? నిజం చెప్పు. చెప్తెనే గిన్నె అందుకుంట."

క్యారియర్ అడుగు ఇంకా కాలుతూనే ఉంది. పద్మావతి వెనక్కి తిరిగి చూసింది. గల్లీ పొడుగునా ప్రతి గుమ్మంలోనూ ఎవరో ఒకరు నిలబడి ఉన్నారు.